రాతిదుమ్ముకు మందు లేదు, నీళ్లున్నాయి

కంకర క్రషర్‌లో ఎనిమిదేళ్లో పదేళ్లో పనిచేసిన మనిషి దగ్గుతూ ఆస్పత్రికి వస్తాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లు తగ్గిపోవడం, సాయంత్రమయ్యేసరికి నీరసం. తెమడ పరీక్ష చేస్తారు, క్రిములు కనిపించవు. ఎక్స్-రే తీస్తే ఊపిరితిత్తుల పై భాగంలో చిన్న చిన్న మచ్చలు. అలాంటి మచ్చలు చూడగానే మన డాక్టర్లకు ముందు టీబీయే తడుతుంది. టీబీ ఇంతగా ఉన్న దేశంలో అందుకు వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఆరు నెలల మందులు మొదలవుతాయి. తగ్గదు. ఇంకో ఆస్పత్రి, మళ్లీ ఎక్స్-రే, మళ్లీ అవే మందులు. ఈ తిరుగుడంతటిలో చాలాసార్లు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంటుంది: ఏం పని చేస్తారు?

అడిగి ఉంటే సిలికోసిస్ అన్న అనుమానం అక్కడే మొదలయ్యేది. రాతిలో ఉండే సిలికా ధూళిని ఏళ్ల తరబడి పీల్చడం వల్ల వచ్చే జబ్బు ఇది. దీన్ని నయం చేసే మందు లేదు. ఒకసారి మచ్చకట్టి గట్టిపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. రాకుండా ఆపడం మాత్రం పూర్తిగా మనుషుల చేతుల్లో ఉన్న పని. అందుకు కావలసిన తెలివి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు, వందేళ్లుగా ఉన్నదే. మరి ఇంకా ఈ జబ్బు ఎందుకు మిగిలింది? దుమ్ము ఒక శాఖకు, ఫ్యాక్టరీ మరో శాఖకు, దగ్గు ఇంకో శాఖకు చెందడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ సంగతికి వచ్చేముందు అసలు దుమ్ము లోపలికి పోయి ఏం చేస్తుందో నిదానంగా చూద్దాం.

సిలికా అంటే భూమి మీద ఎక్కడపడితే అక్కడ దొరికే పదార్థం. మన పొలాల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయి దాదాపు మొత్తం అదే. ఇసుకలోనూ ఇసుకరాయిలోనూ ఎక్కువ పాలు అదే. గ్రానైట్‌లో సుమారుగా పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. తాండూరు నాపరాయి, బేతంచర్ల బండ లాంటివి సున్నపురాయి జాతివి కనుక వాటిలో తక్కువ. కాబట్టి రాతిపనులన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. పలుగురాయిని పిండిచేసే మిల్లులో ఆరు నెలలు, నాపరాళ్లు కోసే చోట ఆరేళ్లు ఒక్కటి కావు. కూలి మాట్లాడుకునేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. చాలాచోట్ల యజమానికి కూడా తెలియదు.

రాయి రాయిగా ఉన్నంతవరకూ ఎవరినీ ఏమీ చెయ్యదు. పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు లేచే పొడితోనే తంటా. ఆ పొడిలోనూ కంటికి కనిపించేది, ముక్కులో నల్లగానో తెల్లగానో పేరుకునేది, గొంతులో గరగరలాడించేది అంత ప్రమాదకరం కాదు. ముక్కు వెంట్రుకలు, శ్వాసనాళంలోని జిగురు దాన్ని పట్టుకుని దగ్గు రూపంలో, చీమిడి రూపంలో బయటికి నెట్టేస్తాయి. అయిదు మైక్రాన్లకు లోపు ఉండే రేణువులు వేరు. మన తలవెంట్రుక మందం సుమారుగా 50 నుంచి 70 మైక్రాన్లు. అందులో పదోవంతు కూడా ఉండని ఈ రేణువులు కంటికి ఆనవు. దుమ్ము అణిగిందనుకుని మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పేసిన తర్వాత కూడా గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. ఊపిరితిత్తుల చివర ఉండే గాలితిత్తుల దాకా నేరుగా పోగలిగేవి ఇవే.

గాలితిత్తుల్లో కాపలా కాసే కణాలుంటాయి. బయటి నుంచి ఏది వచ్చినా మింగి అరిగించుకోవడం వాటి పని. క్రిమినైతే అరిగించుకుంటాయి. సిలికా రేణువు అరగదు సరిగదా, మింగిన కణాన్నే చంపుతుంది. చచ్చిన కణంలోంచి రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా జరిగిన ప్రతిచోటా వాపు, వాపు తర్వాత గట్టి మచ్చ. మచ్చలు గింజల్లా మొదలై ఒకదానితో ఒకటి కలిసి పెద్ద గడ్డలవుతాయి. ఈ జబ్బులో అందరికీ వింతగా తోచే విషయం ఒకటుంది. పని మానేశాక కూడా జబ్బు ముదురుతూనే పోవచ్చు, ఎందుకంటే రేణువులు లోపలే ఉన్నాయి. క్రషర్ పని వదిలి ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకున్నవాడికి ఏళ్ల తర్వాత ఆయాసం మొదలైతే దానికీ దీనికీ ముడిపెట్టడం ఎవరికీ తోచదు.

మామూలుగా జబ్బు బయటపడటానికి పదేళ్లు, అంతకు మించీ పడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే అయిదేళ్లు చాలు. పలుగురాయి పిండి మిల్లుల్లాంటి చోట్ల ఒకటి రెండేళ్లలోనే, ఒక్కోసారి నెలల్లోనే మనిషి కుప్పకూలిపోవచ్చు. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో కాపలా కణాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి అసలైన టీబీ కూడా తేలిగ్గా, మిగతావాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే మొదట చెప్పిన డాక్టరు పరిస్థితి నిజంగానే చిక్కైనది. ఆ రోగికి టీబీ కాకపోవచ్చు, టీబీయే కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో స్ఫటిక సిలికా ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అది ఇంకో భారం.

ఇక్కడో చిన్న లెక్క వేద్దాం. లెక్కలంటే గిట్టని పాఠకులు ఈ పేరా దాటేసినా ఫరవాలేదు కానీ, దాటొద్దనే నా కోరిక. 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలోని రెండో షెడ్యూలు పని జరిగేచోట గాలిలో ఎంత సిలికా ధూళి ఉండొచ్చో ఒక సూత్రం ఇచ్చింది. లోతుగా పోగల సన్నటి ధూళిలో పలుగు శాతం ఎంతో చూసి, దానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగిస్తే ఘనపు మీటరు గాలిలో ఉండదగ్గ ధూళి మిల్లీగ్రాముల్లో వస్తుంది. గ్రానైట్ ధూళిలో 30 శాతం పలుగు ఉందనుకుంటే 10ని 32తో భాగించాలి, అంటే 0.31 మిల్లీగ్రాములు. అందులో అసలు సిలికా 0.09 మిల్లీగ్రాముల చిల్లర. ఒళ్లొంచి పనిచేసే మనిషి ఒక షిఫ్టులో సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. కాబట్టి చట్టం ప్రకారం అంతా సక్రమంగా ఉన్నచోట కూడా రోజుకు దగ్గర దగ్గర ఒక మిల్లీగ్రాము సిలికా అతని ముక్కు దాటి పోవచ్చు. తూకంలో అది పదిహేను ఇరవై ఉప్పు రవ్వలంత. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే సూత్రం ఉండేది. 2016లో దాన్ని తీసేసి, సిలికా ఎంతమాత్రం 0.05 మిల్లీగ్రాములు దాటరాదని కొత్త హద్దు పెట్టారు. అది మన హద్దులో సుమారు సగం. హద్దు సంగతి అలా ఉంచి, నీళ్లు చల్లని క్రషర్ దగ్గర ఈ లెక్క ఎన్ని రెట్లవుతుందో ఊహించుకోవచ్చు.

రాతిదుమ్ము మనిషిని తినేస్తుందన్న సంగతి చాలా పాతది. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలో, కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరుసగా ఈ ఊపిరితిత్తుల జబ్బుకే పోగొట్టుకున్న స్త్రీలున్నారని ఉంది. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ చేతివృత్తులవాళ్ల జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగవలసిన ప్రశ్నల జాబితాకు తన వంతుగా ఒకటి చేర్చాడు. ఆ ప్రశ్న పనిని గురించినదే. వైద్యవిద్యలో ఆ పేరు ఇప్పటికీ చెబుతారు, పరీక్షల్లో మార్కులు కూడా వస్తాయి. మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకని ఓపీలో ఆ ప్రశ్న అడిగే తీరిక మాత్రం ఉండదు.

మన దేశంలో ఈ జబ్బు మొదట నమోదైన చోట్లలో ఒకటి మన పొరుగునే ఉంది. కోలారు బంగారు గనుల్లో బంగారం పలుగురాతి చారల్లో ఉండేది. దాన్ని తవ్వినవాళ్లలో తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. 1930లలో అక్కడ సిలికోసిస్‌ను గుర్తించారు. 1940లోనే మైసూరు సంస్థానం ఈ జబ్బు కోసం ప్రత్యేకంగా నియమాలు చేసింది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఒక సంస్థానం ఇది పని వల్ల వచ్చే జబ్బని ఒప్పుకుంది. గని పెద్దది, ఆస్పత్రి గనిదే, ఎక్స్-రే యంత్రం అక్కడే ఉంది. ఎవరు ఏ పని ఎన్నేళ్లు చేశారో రిజిస్టరులో ఉంది. అందుకే జబ్బు లెక్కకు వచ్చింది.

అదే కాలంలో అమెరికాలో జరిగింది దీనికి తిరగబడిన కథ. వెస్ట్ వర్జీనియాలో గాలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర 1930, 31లలో ఒక నదిని మళ్లించడానికి కొండకు సొరంగం తవ్వారు. హాక్స్ నెస్ట్ సొరంగమని దాని పేరు. రాయిలో సిలికా చాలా ఎక్కువ. పని వేగం కోసం నీళ్లు లేకుండా పొడిగానే రంధ్రాలు వేయించారు. కూలీల్లో ఎక్కువమంది దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతివాళ్లు. నెలల్లోనే చావులు మొదలయ్యాయి, చాలామందికి న్యుమోనియా అని రాశారు. పని అయిపోగానే మిగిలినవాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు చెదిరిపోయారు. కంపెనీ ఒప్పుకున్నది 109 చావులు. అర్ధశతాబ్దం తర్వాత మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు రికార్డులు తవ్వి వేసిన అంచనా 764. రాళ్లు, రంధ్రాలు వేసే యంత్రాలు రెండుచోట్లా ఒకలాంటివే. హాక్స్ నెస్ట్‌లో కూలీ వలస వచ్చినవాడు, వెళ్లిపోయేవాడు. అతని వెంట ఏ కాగితమూ వెళ్లలేదు.

ఇది చదువుతుంటే మనకు పాలమూరు కూలీలు గుర్తుకు రాక మానరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, సొరంగం తవ్వినా గుంపు మేస్త్రీల వెంట వెళ్లి బండ పగలగొట్టిన చేతులవి. తరతరాలుగా సమ్మెట, ఉలి పట్టిన వడ్డెరలున్నారు. ఈరోజు కరీంనగర్, ఖమ్మం గ్రానైట్ క్వారీల్లోను, చీమకుర్తి గెలాక్సీ గనుల చుట్టుపక్కలా ఒడిశా, బీహార్, రాజస్థాన్ల నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్లకు జబ్బు ఇక్కడ అంటుకుంటుంది, బయటపడేది అక్కడి ఊళ్లలో. మనవాళ్ల విషయంలో ఇదే తిరగేసి జరుగుతుంది.

మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ఉదాహరణ ఇంకొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. బడిపిల్లలు పలక మీద రాసే పుల్లలను ఒకప్పుడు అక్కడి షెడ్లలో రాయి కోసి తయారుచేసేవారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి 593 మంది పనివాళ్లను పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 54.6 శాతం మందికి సిలికోసిస్ ఉంది. పిల్లల అక్షరాలకు పనికొచ్చే వస్తువు తయారీలో సగం మందికి పైగా ఊపిరితిత్తులు పోయాయి. అయితే ఆ బృందం మనుషుల ఎక్స్-రేలు తీసి ఊరుకోలేదు. గాలిలో దుమ్మునూ కొలిచింది, దుమ్మును పుట్టినచోటే లాగేసే ఏర్పాట్ల మీదా పనిచేసింది. ఒకే బృందం రోగినీ, యంత్రాన్నీ, గాలినీ కలిపి చూడటం ప్రజారోగ్యం అనే మాటకు నాకు తెలిసిన మంచి నమూనాల్లో ఒకటి.

గుజరాత్‌లో గోధ్రా దగ్గరి పలుగురాయి మిల్లుల వ్యవహారం అంత బాగా నడవలేదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు కూలికి అక్కడికి పోయి కొద్ది కాలంలోనే జబ్బుతో తిరిగొచ్చారు. మిల్లు ఒక రాష్ట్రంలో, చావు మరో రాష్ట్రంలో. జాతీయ మానవ హక్కుల కమిషన్ 238 మంది చనిపోయారని తేల్చి, ఒక్కో కుటుంబానికి మూడు లక్షల రూపాయలు గుజరాత్ ప్రభుత్వం ఇవ్వాలని 2010లో సిఫారసు చేసింది. ఇవ్వండని సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 2016 వచ్చింది.

ఇక ఆపడం ఎలా? వృత్తి ఆరోగ్యం తెలిసినవాళ్లు ఒక వరుస చెబుతారు. ముందు ప్రమాదకరమైన పదార్థాన్నే మార్చెయ్యగలమా చూడాలి. కుదరకపోతే దుమ్ము పుట్టినచోటే అణచాలి. అదీ చాలకపోతే మనిషిని దూరంగా, గదిలో కూర్చోబెట్టి పనిచేయించాలి. మాస్కు అన్నిటికన్నా చివరిది. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. తనిఖీ వస్తుందంటే మాస్కులు పంచుతారు, ఫొటో తీస్తారు, తనిఖీ అయిపోతుంది.

మాస్కు పనికిరాదని కాదు. మంచి రకం మాస్కు ముఖానికి గట్టిగా అతుక్కుని ఉంటే సన్నటి ధూళిని బాగానే ఆపుతుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో, బరువులెత్తే మనిషి ఎనిమిది గంటలు దాన్ని ముఖానికి బిగించుకుని ఉండాలనడం మాత్రం మాస్కు ఎన్నడూ పెట్టుకోనివాళ్ల ఆలోచన. తువ్వాలు గుడ్డ పెద్ద దుమ్మును ఆపుతుంది, చంపే దుమ్ము దాని నేతలోంచి దర్జాగా పోతుంది. బెల్లం సంగతీ ఇంతే. దుమ్ము పని చేసినవాళ్లు సాయంత్రం బెల్లం ముక్క తింటే లోపలిది కడుక్కుపోతుందని చాలాచోట్ల నమ్మకం. గొంతుకు హాయిగా ఉండొచ్చు, కానీ తిన్నది పోయే గొట్టం వేరు, గాలి పోయే గొట్టం వేరు. కూలితో పాటు బెల్లం ఇచ్చి బాధ్యత తీరిందనుకునే యజమానికి మాత్రం ఈ నమ్మకం బాగా కలిసొస్తుంది.

పదార్థాన్నే మార్చడానికి రెండు ఉదాహరణలు చాలు. ఇనుప పోతలను శుభ్రం చెయ్యడానికి ఇసుకను గాలితో కొట్టే పద్ధతిని బ్రిటన్ 1949 నిబంధనలతో ఆపేసింది, ఇసుక బదులు ఇనుప రవ్వలు వచ్చాయి. కృత్రిమ క్వార్ట్జ్ పలకల మీద ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధం పెట్టింది. పలుగు పొడిని జిగురుతో అతికించి చేసే ఈ వంటగట్టు పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసే పనిలో ఉన్న యువకులకు కొద్ది ఏళ్లలోనే జబ్బు రావడం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు. మన నగరాల అపార్ట్‌మెంట్లలోకి ఈ పలకలు ఇప్పుడిప్పుడే ఇష్టంగా వస్తున్నాయి.

కంకరకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా కంకర కావాలి. కనుక అక్కడ ఆధారపడవలసింది నీళ్ల మీదే. బండకు రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు మొనలోంచి నీళ్లు పంపితే పొడి లేవకుండా బురదై బయటికొస్తుంది. గనుల్లో ఈ పద్ధతి వందేళ్లుగా ఉంది. క్రషర్‌లో రాయి దవడల మధ్య పడేచోట, బెల్టు మీద నుంచి కిందికి దూకేచోట, జల్లెడ దగ్గర సన్నటి తుంపర కొట్టాలి. బెల్టుల మీద రేకులు కప్పాలి. ఆవరణలో దుమ్ము పొడిగా ఊడవకుండా తడిపి ఎత్తాలి, లారీలు తిరిగే దారి తడపాలి. యజమానులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది పూర్తిగా అబద్ధమూ కాదు. నీళ్లు ఎక్కువైతే సన్నపొడి ముద్దకట్టి జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి, ఎండాకాలం ట్యాంకరు ఖర్చూ ఉంటుంది. అందుకే పైపుతో గుమ్మరించడం బదులు సన్న రంధ్రాల ముక్కులతో మంచులా కొట్టాలి. అలా చేస్తే నీళ్లు తక్కువ పడతాయి, జల్లెడా మూసుకోదు. ముక్కులు పూడుకుపోకుండా రోజూ చూసే మనిషి ఒకడు కావాలి. చాలా క్రషర్లలో తుంపర గొట్టాలు ఉండి కూడా పనిచేయకపోవడానికి కారణం ఆ ఒక్క మనిషి లేకపోవడమే.

ఇదంతా చట్టంలో లేదా అంటే ఉంది. పర్యావరణ పరిరక్షణ నియమాల కింద క్రషర్లకు ప్రత్యేక ప్రమాణాలున్నాయి: దుమ్మును అణిచే ఏర్పాటు, గాలిని ఆపే గోడలు, గట్టి రోడ్డు, తడపడం, చుట్టూ చెట్లు. యూనిట్ నుంచి మూడు నుంచి పది మీటర్ల దూరంలో గాలిలో ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదు. అయితే అది మొత్తం ధూళి లెక్క, సిలికా లెక్క కాదు. జల్లెడ పక్కన నిలబడ్డ మనిషి ముక్కు దగ్గరి లెక్క అసలే కాదు.

ఇప్పుడు శాఖల సంగతి. రాయి తవ్వే గొయ్యి గని కిందికి వస్తుంది, దాని భద్రత చూసేది కేంద్రం చేతిలోని గనుల భద్రత డైరెక్టరేట్. ఆ గట్టు పక్కనే ఉన్న క్రషర్ ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర ఫ్యాక్టరీల తనిఖీ శాఖది. కంచె దాటిన దుమ్ము కాలుష్య నియంత్రణ మండలిది. దగ్గు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిది. నాలుగు ఆఫీసుల ఫైళ్లు ఒక టేబుల్ మీదికి వచ్చే సందర్భం చాలా అరుదు. దీనికి తోడు చిన్న క్రషర్లలో పనివాళ్ల సంఖ్య కాగితం మీద చట్టం హద్దుకు ఒకటి తక్కువగానే ఉంటుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ హద్దును ఇరవైకి పెంచింది. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ సంఖ్య అడ్డురాదన్న వెసులుబాటు ఉంది. దాన్ని పలుగు మిల్లులకూ, క్రషర్లకూ వాడకపోతే ఇంక దేనికి వాడతారో నాకు తెలియదు.

పాత చట్టం 89వ సెక్షన్ ఒక చక్కటి ఏర్పాటు చేసింది. సిలికోసిస్ లాంటి జబ్బు ఉన్న ఫ్యాక్టరీ కార్మికుణ్ణి చూసిన డాక్టరు, రోగి పేరు, చిరునామా, జబ్బు, ఫ్యాక్టరీ వివరాలు రాసి చీఫ్ ఇన్‌స్పెక్టరుకు పంపాలి. నిజమని తేలితే డాక్టరుకు ఫీజు ఇవ్వాలని, ఆ ఫీజును భూమిశిస్తు బకాయిలాగా యజమాని దగ్గర వసూలు చేయాలని అందులో ఉండేది. పంపకపోతే డాక్టరుకు వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేది. తప్పకుండా తెలపాల్సిన జబ్బుల జాబితాలో సిలికోసిస్ కొత్త కోడ్‌లోనూ ఉంది. 1948లో చట్టం రాసినవాళ్లకు ఒక సంగతి స్పష్టంగా తెలుసు: రోగి ఊపిరితిత్తి గురించి డాక్టరుకు తెలిసింది ఇన్‌స్పెక్టరుకు చేరకపోతే అదే షెడ్డులో పక్కన నిలబడ్డవాడి ఊపిరితిత్తి మిగలదు. ఈ సెక్షన్ గురించి తెలిసిన డాక్టర్లు ఎంతమంది ఉంటారో మీకు పరిచయమున్న డాక్టరును అడిగి చూడండి.

రాజస్థాన్ కొంత దూరం నడిచింది. ఇసుకరాయి గనులు ఎక్కువగా ఉన్న ఆ రాష్ట్రం 2019లో దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల కోసం ఒక విధానమే ప్రకటించింది. జబ్బు ఉన్నట్టు ధ్రువీకరిస్తే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షలు, పింఛను. కార్మికుడు తానే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏ గనిలో ఎన్నేళ్లు చేశాడో రుజువు తెమ్మని వేధించే పద్ధతి తగ్గింది. డబ్బు ఇస్తే జబ్బు ఆగుతుందా అని అడగొచ్చు. ఆగదు. అయితే డబ్బు ఇవ్వాలంటే ముందు లెక్కపెట్టాలి. లెక్క ఉంటే ఏ మండలంలో, ఏ క్వారీల చుట్టూ రోగులు గుంపుగా ఉన్నారో పటం మీద కనిపిస్తుంది. నీళ్ల తుంపర ముందు ఎక్కడ పెట్టించాలో ఆ పటమే చెబుతుంది. పరిహారం మీద పెట్టిన ఖర్చులో అసలు లాభం ఇదే, దాన్ని వాడుకోకపోతే అది వట్టి సానుభూతి.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. టీబీ కార్యక్రమం ఇప్పటికే గని కార్మికులను, క్రషర్ కూలీలను ఎక్కువ ముప్పు ఉన్నవాళ్ల జాబితాలో పెట్టి వెతుకుతోంది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ ప్రచారంలో చేత్తో మోసుకుపోయే ఎక్స్-రే యంత్రాలు పల్లెల దాకా వచ్చాయి. అదే యంత్రం క్రషర్ గేటు దగ్గర ఆగవచ్చు. అదే ఎక్స్-రేను దుమ్ము మచ్చల కోసం కూడా చూడవచ్చు, చూసే వైద్యులకు కొద్ది రోజుల శిక్షణ చాలు. ప్రతి ఆరోగ్య కేంద్రం దగ్గర తన పరిధిలోని క్రషర్లు, క్వారీలు, గ్రానైట్ కటింగ్ షెడ్ల పేర్లు ఒక కాగితం మీద ఉండాలి. ఏ ఇంట్లో ఎవరు ఏ పనికి వెళ్తారో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా ఏ డేటాబేసుకూ తెలియదు. ఒకే షెడ్డు నుంచి ముగ్గురు దగ్గుతో వస్తే, మూడు వేరు వేరు చీట్లు రాసి పంపకుండా ఆ షెడ్డుకు మనిషిని పంపాలి. అలా పంపే అధికారం జిల్లాలో కలెక్టరుకుంది. నాలుగు శాఖలనూ ఒకచోట కూర్చోబెట్టగల కుర్చీ అదొక్కటే.

రక్తంలో ఒక ప్రొటీన్‌ను కొలిచి జబ్బు ముదరకముందే పసిగట్టే పరీక్షను కూడా అహ్మదాబాద్ సంస్థే రూపొందించింది. మంచి సాధనమే. ముందుగా తెలిసినవాడికి దుమ్ము లేని పని చూపించలేకపోతే మాత్రం ఆ పరీక్ష అతనికి ఇచ్చేది భయమొక్కటే. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ కూలి మీదే నడుస్తున్నప్పుడు, రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని మర్నాడు మళ్లీ అదే జల్లెడ దగ్గరికి వెళ్తాడు. ఈ ముడిని డాక్టర్లు విప్పలేరు.

పాఠకుడు తానే యజమాని అయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఇల్లు కట్టుకునేటప్పుడు గ్రానైట్, టైల్స్ పని మొదలవుతుంది. ఇద్దరు కుర్రాళ్లు హాల్లో కూర్చుని చేతి కట్టరుతో పొడిగా కోస్తుంటారు, గది నిండా తెల్లటి పొగలా దుమ్ము. ఇంటివాళ్లు తలుపు వేసి వెళ్లిపోతారు, వాళ్లు మాత్రం అందులోనే ఉంటారు. అక్కడ ఇన్‌స్పెక్టరు ఉండడు, చట్టం హద్దు ఇద్దరికి వర్తించదు. కాంట్రాక్టరుతో రేటు మాట్లాడేటప్పుడే నీళ్లు పడే కట్టరుతోనే కొయ్యాలని, కోత ఆరుబయట చెయ్యాలని, మాస్కులు మన ఖర్చుతోనే అని చెప్పవచ్చు. అడుగుకు రూపాయో రెండో ఎక్కువ అడిగితే ఇవ్వవచ్చు. పని ముగిశాక ఆ దుమ్ము ఊడ్చేది సాధారణంగా వాచ్‌మన్ భార్య, పక్కన ఆడుకుంటూ వాళ్ల పిల్లలు. పొడి చీపురు వేస్తే అణిగిన సన్నధూళి అంతా మళ్లీ లేస్తుంది. ముందు నీళ్లు చల్లి, తడిగా ఎత్తి, తర్వాత తుడవమని ఆమెకు చెప్పాలి. ఆ నీళ్లకు కుళాయి కనెక్షన్ పని మొదలయ్యే ముందే ఇప్పించాలి.